మూగజ్వరం

వీర్రాజుని ల్యాబు గేటు పక్కనున్న కొబ్బరిచెట్టుకి కట్టేసి అప్పటికే పావుగంటయింది. అరవడానికి నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. గాలి తప్ప ఏమీ రావడం లేదు.

“మూగోడినని నాటకాలాడతన్నాడండీ ఈడు!” గుంపులోంచి ఎవరో కేకేశారు.

“నాటకవో నిజవో ఇంకోటి తగిలిస్తే తేలిపోద్ది,” అంటూ లుంగీ ఎగ్గట్టిన మనిషొకడు చెప్పు తీశాడు.

పైకి లేచిన ఆ చేతిని రబ్బరు తొడుగున్న చెయ్యొకటి వెనకనుంచి పట్టుకుంది.

“కొట్టండి బాబూ, కొట్టండి. ఆయనకి జ్వరం ఇంకా దిగలేదు. ఒక్క తుంపర మీద పడితే చాలు, నాలుగురోజుల్లో మీరూ ఇలాగే నోరు తెరిచి మూస్తుంటారు.”

చెప్పు కింద పడింది. గుంపు నాలుగడుగులు వెనక్కి జరిగింది.

మేడిశెట్టి దమయంతి ఆ ల్యాబులో భద్రతాధికారి. లోపలికెళ్ళే ప్రతి మనిషీ ఏం తొడుక్కోవాలో, బయటికొచ్చే ప్రతి వస్తువూ ఎలా శుద్ధి కావాలో చూడడం ఆమె పని. నలభై రెండేళ్ళ బక్కపలచని మనిషి. పేరున్న శాస్త్రవేత్తల్ని సైతం గుమ్మంలో నిలబెట్టి రెండోసారి చేతులు కడిగించిన గొంతు ఆమెది. ఆ గొంతులో ఈ ఉదయం నుంచి సన్నగా దురద మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. ముఖానికి రెండు ముసుగులు కట్టుకుని వచ్చింది.

నల్లకుదురు చుట్టుపక్కల ఆ దురదంటే ఏమిటో పిల్లలకి కూడా తెలుసు. పొద్దున దురద, సాయంత్రానికి బొంగురు, మర్నాటికి మాట ఉండదు. వారం తిరిగేసరికి జ్వరం దిగిపోతుంది. మాట మాత్రం ఇంతవరకు ఎవరికీ తిరిగి రాలేదు. కొందరిలో గొంతుని పట్టుకున్నది ఊపిరిని కూడా పట్టుకుంటుంది. పన్నెండు రోజుల్లో రెండువందల నలభైమంది మూగవాళ్ళయ్యారు. పదకొండుమంది పోయారు. జనం దానికి మూగజ్వరమని పేరు పెట్టుకున్నారు.

కోళ్ళ రైతుల సంఘం అధ్యక్షుడు బుల్లబ్బాయిరెడ్డి ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని ముందుకొచ్చాడు.

“చూడమ్మా దమయంతీ, మీ డైరెక్టరుగారే పొద్దున కేబుల్ టీవీలో చెప్పారు. ఈడు మీ గోదాము తాళం పగలగొట్టి గుడ్ల అట్టలు ఎత్తుకొచ్చాడంట. ఆటితోనే జబ్బు బయటికొచ్చిందంట. మరి నువ్వొచ్చి ఈడికి గొడుగు పడతన్నావేంటి?”

“రెడ్డిగారూ, వీర్రాజు వ్యాను నడిపేది మీ సంఘానికే కదండీ. ఖాళీ అట్టలు తీసుకోకుండా మీరెప్పుడైనా, ఎవరికైనా నిండు అట్టలిచ్చారా?”

ఆ ప్రాంతంలో గుడ్ల వ్యాపారానికి అదొక్కటే వేదం. ముప్ఫై గుడ్లు పట్టే ఆ బూడిదరంగు కాగితపు అట్టలు ఫారం నుంచి నిండుగా వెళ్తాయి, ఖాళీగా తిరిగొస్తాయి, మళ్ళీ వేరే ఫారంలో నిండుకుని ఇంకో ఊరెళ్తాయి. కలకత్తా వ్యాపారయినా, సందుచివర కిరాణా కొట్టయినా ఖాళీ అట్ట ఇస్తేనే నిండు అట్ట. ల్యాబుకి కూడా అంతే.

“మరి ఎత్తుకొచ్చేదేముందండీ? మీ పద్ధతి ప్రకారం మేమే ఇచ్చాం, ఆయన పట్టుకెళ్ళాడు. గేటు పుస్తకంలో నాలుగు నెలలుగా ఆయన సంతకాలున్నాయి. కావాలంటే తెచ్చి చూపిస్తా.”

వీర్రాజు కట్లలోంచే తల గబగబా ఊపాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

“అంటే, జబ్బు మీ ల్యాబుదేనంటావు?”

“అంటాను.”

గుంపు గొల్లుమంది. దమయంతి ఆ మాట పైకి అనడం అదే మొదలు. కాగితం మీద మాత్రం మూడుసార్లు అంది. డైరెక్టర్ భైరవమూర్తికి ఆమె రాసిన మూడు ఉత్తరాలూ ఆయన బీరువాలో భద్రంగా ఉన్నాయి.

“అనేస్తే సరిపోద్దేటమ్మా?” బుల్లబ్బాయిరెడ్డి గొంతు తగ్గింది గానీ పట్టు తగ్గలేదు. “మూడింటికి సంఘం ఆవరణలో సబ్ కలెక్టరుగారి మీటింగుంది. నాలుగింటికి అరవై లారీలు బయల్దేరతాయి. కలకత్తా, కటక్, గౌహతి. గాలిమాటకి లారీలు ఆపుతారా? ఎవరు చేశారో, ఎలా చేశారో తేల్చి చెప్పు. లేదంటే ఈడిని పోలీసోళ్ళకి ఇచ్చేత్తాం.”

“తేలుస్తాను. ఈలోగా ఆయన్ని ఆసుపత్రికి పంపండి. ముట్టుకున్నవాళ్ళంతా సబ్బుతో చేతులు కడుక్కోండి. మోచేతులదాకా.”

అరవై లారీలు. ఒక్కో లారీలో ఏడువేల అట్టలు. ఇప్పటికి మూగజ్వరం ఒక్క మండలంలో ఉంది. నాలుగు గంటలు దాటితే దానికి హద్దుండదు.

*

ఆసుపత్రి వరండాలో ఈల మోగింది. ఒక్క ఈల.

దమయంతి భర్త గంగరాజు పద్దెనిమిదేళ్ళుగా బస్సు కండక్టరు. మాట పోయిన నాలుగురోజుల నుంచి ఈలతోనే సంసారం నడుపుతున్నాడు. ఒకటంటే ఆగమని, రెండంటే పదమని, మూడు పొడుగు ఈలలంటే నర్సుని పిలవమని. మిగిలిందంతా టికెట్టు కాగితాల వెనక రాస్తాడు.

మంచానికి దూరంగా ఆగింది దమయంతి. “ఎలా ఉందండీ?”

రాసి చూపించాడు. ‘పెళ్ళయ్యాక మొదటిసారి నువ్వు చెప్పేది ఆఖరిదాకా వింటున్నాను. ఇంతకంటే సుఖమేముంది.’

నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతులో గరుకుగా రాసుకుంది. ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. వేలు తన గొంతు మీద పెట్టుకుని, తర్వాత ఆమెకేసి చూపించాడు.

“పొద్దుటి నుంచి,” అంది.

గంగరాజు పెన్ను దించి దిండుకి జారగిలబడ్డాడు. ఊపిరి తీసినప్పుడల్లా అతని డొక్కలు లోపలికి పోతున్నాయి. నిన్న ఇలా లేవు.

డ్యూటీ డాక్టరు ఆమెని పక్కకి పిలిచాడు. “ఈయన్ని సాయంత్రానికి ఊపిరి యంత్రం మీద పెట్టాలేమోనమ్మా. ఇది ఏ వైరస్సో, ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఏ మందు పనిచేస్తుందో వెతుక్కుంటాం. మీ ల్యాబేమో మాది కాదంటుంది. నమూనా ఇమ్మంటే ఇవ్వరు. మేం కళ్ళకి గంతలు కట్టుకుని వైద్యం చేస్తున్నాం.”

తిరిగొచ్చేసరికి కొత్త కాగితం సిద్ధంగా ఉంది. ‘ఎవరో తెలిసిందా?’

“ఇంకా లేదు.”

‘తెలిస్తే చెప్తావా?’

“చెప్పకేం?”

‘నీకు ఆ ల్యాబు గుడి. అందులో వాళ్ళు దేవుళ్ళు.’

గంగరాజు ఆమె ముఖంలోకి చూసి, కాగితం నలిపేసి, బలం కూడదీసుకుని రెండు ఈలలు వేశాడు. పద.

*

ఆ ల్యాబు పుట్టిందే అంటుటీకా కోసం.

కొక్కెర తెగులు తగిలిందంటే కోళ్ళు షెడ్లకి షెడ్లే తుడిచిపెట్టుకుపోతాయి. వేల కోళ్ళని ఒక్కొక్కదాన్నీ పట్టుకుని టీకా వెయ్యడం చిన్న రైతు వల్ల కాదు. అందుకని డాక్టర్ తోలేటి హైమవతి ఒక విచిత్రమైన టీకా కనిపెట్టింది. ఒక్క కోడి ముక్కులో చుక్క వేస్తే చాలు. దాన్నుంచి పక్క కోడికి, దాన్నుంచి ఇంకోదానికి, తనంతట తానే పాకుతుంది. జబ్బులా అంటుకుంటుంది, జబ్బు మాత్రం చెయ్యదు. కోళ్ళ డాక్టరమ్మ అంటే ఆ ప్రాంతంలో చేతులెత్తి దణ్ణం పెడతారు. అయితే టీకాని బయట వదలడానికి ప్రభుత్వ అనుమతి ఇంకా రాలేదు. నాలుగు నెలలుగా లోపలే, సంఘం దగ్గర కొన్న కోడిగుడ్లలో పెంచుతున్నారు.

ఒక్కటే లోపం. టీకా తగిలిన పుంజులు కూయడం మానేశాయి. దమయంతి ఆ సంగతి నివేదికలో రాస్తే హైమవతి పకపకా నవ్వింది. “పుంజు కూయకపోతే తెల్లవారదుటే పిచ్చిదానా?”

మూడువారాల కిందట నల్లకుదురులో పుంజులన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. మనుషుల కంటే ముందు కోళ్ళు. ఆ పొద్దున్నే దమయంతి మొదటి ఉత్తరం రాసింది.

ఇప్పుడు ఆమె ఆవిరి గదిలో నిలబడి రిజిస్టరు తిరగేస్తోంది. టీకా పెంచిన గుడ్లు, పెంకులు, అన్నీ లోపలే కాలి బూడిదవుతాయి. వైరస్ అంటిన వస్తువుల్లో బయటికెళ్ళేవి ఖాళీ అట్టలొక్కటే. వాటికోసమే ఆ ఆటోక్లేవ్. నిలువెత్తు ప్రెషర్ కుక్కర్ అనుకోవచ్చు. అరగంట ఆవిరి పట్టిస్తే ఏ క్రిమీ బతకదు. ప్రతి విడతలోనూ ఒక తెల్ల పట్టీ పెడతారు. వేడి సరిపడా తగిలితే దానిమీద నల్ల చారలు తేలతాయి. ఆ పట్టీని రిజిస్టరులో అంటించాలి.

పదిహేడు వారాల పట్టీలు. అన్నీ నల్లగా ఉన్నాయి. ప్రతి శుక్రవారం కింద దమయంతి సంతకం. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

రిజిస్టరు మూసింది. గోడవార అట్టలు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి, రేపటి వ్యానుకి సిద్ధంగా. ఒకటి చేతిలోకి తీసుకుంది. గట్టిగా, అప్పడంలా పెళపెళలాడుతోంది. అప్పుడొచ్చింది ఆ ఆలోచన. ఈ నాలుగు నెలల్లో ఎప్పుడూ రానిది.

పది అట్టలు యంత్రంలో పెట్టి తలుపు బిగించింది. అరగంట ఆవిరి. గడియారం ఒంటిగంటన్నర చూపిస్తుండగా తలుపు తీసింది.

లోపల అట్టలు లేవు. నానిపోయిన అటుకుల ముద్దలా బూడిదరంగు గుజ్జు పళ్ళెంలో కారుతోంది.

దమయంతి అక్కడే గోడకి ఆనుకుంది. ఈ యంత్రంలోకి వెళ్ళిన ఏ అట్టా అట్టలా బయటికి రాదు. అంటే నాలుగు నెలలుగా బయటికెళ్ళిన ఏ అట్టా ఇందులోకి వెళ్ళలేదు. పట్టీలు కత్తెర్లతోనో గాజుసీసాలతోనో కలిపి నల్లబరిచి ఉంటారు. ఆమె పట్టీలు చూసింది, సంతకం పెట్టింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నిలబడి ఒక అట్ట లోపలికెళ్ళి ఎలా బయటికొస్తుందో చూసి ఉంటే!

యంత్రం నడిపే నూకరత్నం వెనక వరండాలో గోడకి చేరగిలబడి ఉంది. జ్వరం తగ్గి రెండురోజులైంది. మాట లేదు. చదువు రాదు గనక రాసి చెప్పేదీ లేదు.

“నూకరత్నం, అట్టలు ఇందులో పెట్టొద్దని నీకెవరు చెప్పారు?”

ఆమె చూపు తిప్పేసుకుంది.

“డైరెక్టరుగారా?”

తల అడ్డంగా ఊపింది.

“గుడ్ల సంఘం వాళ్ళా? ఎవరే తల్లీ? అవతల వీర్రాజుని జైల్లో వేస్తామంటున్నారు. ముగ్గురు పిల్లల తండ్రి.”

నూకరత్నం కళ్ళు మూసుకుంది. తర్వాత నెమ్మదిగా రెండు చేతులూ మెడ దగ్గరికి తెచ్చి, అక్కడ గొలుసుకి వేలాడే కళ్ళజోడు ఏదో ఉన్నట్టు ఎత్తి ముక్కు మీద పెట్టుకుంది. గాలిలోంచి ఒక కోడిని సుతారంగా ఎత్తుకుంది. దాని మెడ మీద ఈకల్ని ఉఫ్‌మని ఊదింది. చివరికి చెయ్యి చాచి రెండువేళ్ళతో దమయంతి చెంప మీద తట్టింది.

దమయంతి ఆ చెంపని చేత్తో అదిమి పట్టుకుంది.

ఆ రెండువేళ్ళూ ఆమెకి తెలుసు. పదకొండేళ్ళ కిందట ఇంటర్వ్యూలో అందరూ పెదవి విరిస్తే, ఈ పిల్లే కావాలని చెంప తట్టి ఉద్యోగమిచ్చిన వేళ్ళవి. పెళ్ళిలో కన్నతల్లి స్థానంలో కూర్చుని ఆమె కాళ్ళకి పసుపు రాసిన వేళ్ళవి.

*

హైమవతి ల్యాబు వెనక కోళ్ళషెడ్డులో ఉంది. అరవై నాలుగేళ్ళు. నేతచీర, గొలుసుకి వేలాడే కళ్ళజోడు, ఒళ్ళో తెల్లపెట్ట.

“నూకరత్నం చెప్పిందా?” తలెత్తకుండానే అడిగింది.

“దానికి మాట లేదండీ. అయినా చెప్పింది.”

“కూర్చో.”

“నాకూ తగిలిందండీ. దూరంగానే ఉంటాను.”

హైమవతి తలెత్తింది. ముఖం పాలిపోయింది. “నీకు కూడానా?”

“ఎందుకు చేశారు?”

హైమవతి ఒళ్ళోని పెట్ట ఈకలు నిమిరింది.

“ఆరేళ్ళు తిరిగానే అనుమతి కోసం. వెళ్ళినప్పుడల్లా ఇంకో కమిటీ. కిందటి వేసంగిలో తెగులొచ్చి ఈ మండలంలో తొమ్మిది లక్షల కోళ్ళు పోయాయి. ఇద్దరు రైతులు పురుగుమందు తాగారు. ఒకాయన్ని నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను, దారిలోనే పోయాడు. మందు నా చేతిలో ఉంది దమయంతీ! అట్టలు వాటంతటవే ఫారం ఫారానికీ తిరుగుతాయి. నేను చెయ్యాల్సిందల్లా వాటిని ఉడకబెట్టకుండా వదలడం. అంతే. టీకాయే కదా అనుకున్నాను. పాకడానికే కదా పుట్టించాను!”

“పదకొండుమంది పోయారండీ.”

“తెలుసు. వాళ్ళ పేర్లన్నీ నాకు నోటికొచ్చు. లక్షల గొంతుల్లో తిరిగేసరికి దాని తీరు మారింది. నేనది ఊహించలేదు.”

“ఊహించలేమనే కదండీ అనుమతులూ, అరగంట ఆవిరీ! పోనీ, ఒక్క రైతునైనా అడిగారా? ‘మీ షెడ్డులో నా మందు వదులుతాను, మీకిష్టమేనా’ అని?”

“అడిగితే ఒప్పుకునేవాళ్ళు కాదు.”

“అదేనండీ వాళ్ళ జవాబు. మీరు వినకుండా వెళ్ళిపోయారు.”

హైమవతి పెట్టని కిందికి దించింది. “నా పేరు బయటపడితే ఏమవుతుందో ఆలోచించావా? వీర్రాజు పేరైతే ఒక మనిషిని తిడతారు. నా పేరైతే టీకా అన్న మాటనే తిడతారు. రేపు పసిపిల్లకి పోలియో చుక్కలు వెయ్యడానికి వెళ్ళిన నర్సుని కూడా తరిమి కొడతారు.”

“దాచిపెట్టి దొరికిపోతే తరిమి కొడతారు. మనంతట మనం చెబితే తిట్టి నమ్ముతారు.” గొంతు అప్పటికే రెండుగా చీలుతోంది. “సరే, అదంతా వదిలెయ్యండి. మా ఆయనకి ఊపిరందడం లేదు. వైరస్ నమూనా ఆసుపత్రికి ఇవ్వండి. నమూనాల గది తాళం మీ దగ్గరుంది. ఇప్పుడే ఇవ్వండి, ఇంకేమీ అడగను.”

హైమవతి చెయ్యి మొలలోని తాళంగుత్తి మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

“ఇస్తే నాదని ఒప్పుకున్నట్టే కదే.”

దమయంతి ఆ చేతినే చూస్తూ నిలబడింది. పదకొండేళ్ళు ఆ చేతిని చూస్తే ధైర్యంగా ఉండేది.

“మూడింటికి మీటింగండీ. మీ నోటితో మీరే చెప్పండి. మీ పక్కన నేను నిలబడతాను. చెప్పకపోతే నేను చెబుతాను.”

“చెప్పవు,” అంది హైమవతి. అందులో కోపం లేదు, ముద్దే ఉంది. “నాకు తెలియదా నువ్వు? నా పేరు దగ్గరికొచ్చేసరికి నీకు నోరు రాదు.”

*

సంఘం ఆవరణలో షామియానా కింద వెయ్యిమంది జనం. అవతల ప్రహరీ వెంబడి అరవై లారీలు, తాళ్ళు బిగించి, తార్పాలిన్లు కప్పి ఉన్నాయి. డ్రైవర్లు టీలు తాగుతున్నారు. వేదిక మీద సబ్ కలెక్టరు, ఇటుపక్క భైరవమూర్తి, అటుపక్క హైమవతి. ఆమె ఎక్కుతుంటే ముందువరసల వాళ్ళు లేచి నిలబడి దణ్ణాలు పెట్టారు.

దమయంతి షామియానాలోకి రాలేదు. మూల ఎండలో, జనానికి ముప్ఫై అడుగుల దూరంలో ఒంటరిగా నిలబడి, ఒక మైకు అక్కడికి తెప్పించుకుంది. “నేను మాట్లాడాక ఈ మైకు ఎవరూ ముట్టుకోవద్దు,” అని చెప్పి మరీ పుచ్చుకుంది.

భైరవమూర్తి ముందు మాట్లాడాడు. తెల్లకోటు, తడబడని గొంతు. “మా భద్రతలో ఎలాంటి లోపమూ లేదు. రికార్డులన్నీ పక్కాగా ఉన్నాయి. వ్యాను డ్రైవరు చేసిన దొంగతనం వల్ల...”

“రికార్డులు పక్కాగానే ఉన్నాయండీ, ఎందుకంటే రాసినవాళ్ళు అబద్ధం కూడా పక్కాగానే రాశారు!”

జనం తలలన్నీ ఎండవైపు తిరిగాయి. మైకులో ఆమె గొంతు రేకు మీద మేకు గీసినట్టుంది.

“ఆవిడకి జ్వరం,” భైరవమూర్తి చెయ్యి ఊపాడు. “ఆ మాటలు పట్టించుకోకండి.”

“ఈ జ్వరానికి పోయేది మాటండీ, మతి కాదు!”

వెనక వరసలో నవ్వులు లేచాయి. సబ్ కలెక్టరు ముందుకి వంగాడు. వయసు ముప్ఫై ఉండదు. “చెప్పండి మేడమ్.”

దమయంతి చెప్పింది. ఊపిరి తీసుకోవడానికి ఆగుతూ, చిన్నచిన్న మాటల్లో. అంటుటీకా సంగతి. మూగబోయిన పుంజుల సంగతి. ఆవిరి పట్టని అట్టల సంగతి. పళ్ళెంలో తెచ్చిన బూడిదరంగు గుజ్జుని నేలమీద పెట్టి చూపించింది. “అరగంట ఆవిరి పడితే మీ అట్ట ఇలా అవుతుంది రెడ్డిగారూ. మా ల్యాబు నుంచి ఇలాంటి గుజ్జు ఎప్పుడైనా మీకు తిరిగొచ్చిందా?”

బుల్లబ్బాయిరెడ్డి లేచి నిలబడ్డాడు. గుజ్జుని చూశాడు. ప్రహరీ అవతల లారీల్ని చూశాడు. “లేదమ్మా. అన్నీ కొత్త పెళ్ళికూతుళ్ళలా వచ్చేయి.”

“ఆ అట్టలే ఇప్పుడు ఆ లారీల్లో ఉన్నాయి.”

ఆవరణ ఒక్కసారిగా పొంగింది. లారీలు ఆపమని కొందరు, ఆపితే గుడ్లు కుళ్ళిపోతాయని కొందరు. కుర్చీలు కింద పడ్డాయి. సబ్ కలెక్టరు బల్ల చరిచాడు.

“మేడమ్, అరవై లారీలు ఆపాలన్నా, ల్యాబు తాళాలు పగలగొట్టి నమూనాలు ఆసుపత్రికి పంపాలన్నా నేను ఉత్తర్వు రాయాలి. ‘ఎవరో, ఎందుకో’ అని రాస్తే గంటలో కోర్టులో దాన్ని కొట్టివేయించుకుని వెళ్ళిపోతారు. ఇది ఎవరి పని? రాసి ఇస్తారా?”

“రాసిన కాగితాలు మూడు డైరెక్టరుగారి బీరువాలో ఉన్నాయండీ. ఇంక రాయను. కాగితం బీరువాలోకి పోతుంది, మాట జనంలోకి పోతుంది.”

“అయితే చెప్పండి. ఈ వెయ్యిమంది సాక్షులు. పేరు విన్న మరుక్షణం సంతకం పెడతాను.” పెన్ను మూత తీశాడు.

గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ప్రహరీ అవతల మొదటి లారీ ఇంజను మోగింది.

దమయంతి నోరు తెరిచింది. గాలి వచ్చింది. మాట రాలేదు.

భైరవమూర్తి వెనక్కి వాలి కూర్చున్నాడు. దమయంతి దగ్గింది, ఎంగిలి మింగింది. గొంతులో గాజుపెంకులు దిగినట్టయింది. కళ్ళెత్తితే ఎదురుగా హైమవతి. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. తల మాత్రం అడ్డంగా, కనిపించీ కనిపించనంతగా ఊగుతోంది. వద్దే. చెప్పకే.

“ముందు... నా పేరు రాసుకోండి,” అంది దమయంతి. ఆ గొంతు ఆమెది కాదు, ఏ మనిషిదీ కాదు. “మేడిశెట్టి దమయంతి. పదిహేడు శుక్రవారాలు... చూడకుండా సంతకం పెట్టాను. దానికి శిక్ష నాదే.”

మొగుణ్ణి పోగొట్టుకున్న ముసలావిడొకతె ముందుకొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “నువ్వు సరేనమ్మా, మరి చేసిందెవరు? మా ఇళ్ళమీదికి దీన్ని వదిలిందెవరు? చెప్పు తల్లీ!” అంది.

“మీకు మంచి చేద్దామనే చేశారమ్మా. మిమ్మల్ని అడగకుండా చేశారు. చేశాక... చెప్పకుండా దాచారు. వీర్రాజుని చెట్టుకి కట్టినా... నోరు విప్పకుండా ఊరుకున్నారు.”

రెండో లారీ మోగింది. మూడోది.

“ఎవరు?” వెయ్యి గొంతులు.

దమయంతి ముసుగుల మీదే మైకుని పెదవులకి ఆనించుకుంది. మిగిలిన గొంతంతా ఒక్కచోటికి కూడదీసుకుంది. రేపు ఈ నోట ఒక్క మాటా ఉండదు. ఉన్నదీ, ఉండబోయేదీ ఇదొక్కటే. చెయ్యెత్తి వేదిక మీదికి, తనకి పసుపు రాసిన చేతికేసి చూపించింది.

“డాక్టర్ తోలేటి హైమవతి!”